ఎదటి జట్టులో మనవాడు

జహీరాబాదులో సాయంత్రం బడి వదిలాక మైదానంలో పధ్నాలుగుమంది పిల్లలు చేరారనుకోండి. అందరికీ కబడ్డీ ఆడాలని ఉంది. జట్లు ఎట్లా ఏర్పడతాయి? ఆ పద్ధతి మీకు ఒకరు నేర్పాలా! ఇద్దరు నాయకులు నిలబడతారు. మిగిలిన పన్నెండుగురూ ఇద్దరిద్దరుగా దూరం పోయి, ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేసుకుని, గుసగుసలాడి, మారుపేర్లు పెట్టుకుని వస్తారు. "మామిడిపండు కావాలా, చెరుకుగడ కావాలా?" అని అడుగుతారు. జహీరాబాదు చుట్టూ చెరుకుతోటలు గనక ఎవడో ఒకడు చెరుకుగడ కాకుండా పోడు. నాయకుడు ఏదో ఒకటి కోరుకుంటాడు. వాడికి బలమైనవాడు దొరకవచ్చు, బక్కవాడు దొరకవచ్చు. ఎవడికి ఎవడు దక్కినా ఆట అయిందాకా అదే జట్టు. చీకటి పడ్డాక ఇళ్ళకు పోతారు. మర్నాడు మళ్ళీ మామిడిపండూ, చెరుకుగడా మొదలు.

ఇందులో పేచీ ఏమీ లేదు. కాని మీ బడికి ఒక జట్టు ఉన్నదనుకోండి. అందులో అందరికన్న బాగా కూతకు వెళ్ళే కుర్రవాడు ఒకడున్నాడు. వాడికి ఆట నేర్పింది మీ డ్రిల్లు మాస్టారు. వాడివల్ల మీరు రెండేళ్ళు వరసగా గెలిచారు. మూడో ఏడు వాడు, "నేను వచ్చే నెలనుంచి పక్క ఊరి బళ్ళో చేరుతున్నాను. అక్కడ ఫీజు లేదట, హాస్టలు ఇస్తారట," అన్నాడు. పోటీనాడు చూస్తే ఎదటి జట్టులో మనవాడు!

అప్పుడు మీలో కొందరు, "వాడు ద్రోహి!" అంటారు. కొందరు, "వాడి చదువు వాడిష్టం, మనకేం హక్కు?" అంటారు. మాస్టారు ఏమీ అనక, కొత్తవాణ్ణి ఎవర్ని తయారుచెయ్యాలా అని ఆలోచిస్తూ ఉంటారు.

ఇది పిల్లల తగాదా అనుకునేరు. ఇదే తగాదా ఇవాళ అమెరికాలో కోర్టుల దాకా పోయింది. మన హైదరాబాదూ, కలకత్తా కలిసి డెబ్భై ఏళ్ళ కిందటే దీన్ని పడ్డాయి. ముందు అమెరికా సంగతి కొద్దిగా చెప్పి తరవాత మనవాళ్ళ దగ్గిరికి వస్తాను. మనవాళ్ళ కథే ఎక్కువ రుచిగా ఉంటుంది.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే మనకు క్రికెట్టు ఎట్లాగో అట్లా. పెద్ద తరగతిలో ఆడే పురుషుల జట్లే 360కి పైగా ఉన్నాయి. ఆట మధ్యలో ఉండేది జట్టుకు అయిదుగురే. కాని ఒక్కొక్క కాలేజీ పదమూడుగురికి చదువూ, తిండీ, వసతీ ఉచితంగా ఇచ్చి ఉంచుకునేది. 2025 నుంచి జట్టులో పదిహేనుమంది దాకా ఉండవచ్చునన్నారు. కుర్రవాడు మామూలుగా నాలుగేళ్ళు ఆడతాడు. ఏటా పెద్దవాళ్ళు చదువు ముగించి వెళతారు, చిన్నవాళ్ళు హైస్కూళ్ళనుంచి వస్తారు. అంచేత జట్టు చెరువులాగా ఉండేది. కొత్తనీరు వచ్చినా పాతనీరు కొంత ఎప్పుడూ నిలిచి ఉండేది.

ఈ కాలేజీల ఆటలన్నిటికీ నిబంధనలు చేసే సంఘం ఒకటున్నది. దాన్ని ఎన్.సి.ఎ.ఎ. అంటారు. బాస్కెట్‌బాల్ ఆడే కుర్రవాడు ఒక కాలేజీ వదిలి మరొక కాలేజీకి పోతే, అక్కడ ఒక ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలని చాలాకాలం నిబంధన ఉండేది. చదువుకోవచ్చు, అభ్యాసం చేసుకోవచ్చు. పోటీకి మాత్రం దిగరాదు. పైగా, ఇంకో కాలేజీవాళ్ళు ఆ కుర్రవాడితో మాట్లాడాలంటే ఉన్న కాలేజీ అనుమతి ఇవ్వాలి. ఇట్లా ఉంటే కాలేజీలు మారేవాళ్ళు తక్కువగా ఉంటారు గదా! ఆటకోసం చదువు పాడుచేసుకోకుండా ఉండాలని ఆ నిబంధన పెట్టామనేవారు. కుర్రవాళ్ళు మాత్రం ఒక ప్రశ్న అడిగారు: "మాకు ఆట నేర్పే కోచి ఎక్కువ జీతం దొరికితే ఒక్కరోజులో ఇంకో కాలేజీకి పోతున్నాడే! ఆయన ఏడాది కూర్చోవటం లేదే!" దీనికి సరైన జవాబు ఎవరి దగ్గిరా లేకపోయింది.

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనేది వచ్చింది. ఇది కంప్యూటరులో ఉండే ఒక జాబితా, అంతే. వెళ్ళదలుచుకున్నవాడు తన పేరు అందులో వేయమని కాలేజీకి చెబుతాడు. కాలేజీ వేసి తీరాలి. పేరు కనపడగానే మిగతా కోచిలు వాడితో మాట్లాడవచ్చు. 2021లో, మొదటిసారి మారేవాళ్ళు ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. కోర్టులో దావా పడింతరవాత 2024లో, చదువు సక్రమంగా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా కూర్చోనక్కర్లేదన్నారు. ఈలోగా 2021 జులైనుంచి ఆటగాళ్ళు తమ పేరూ, బొమ్మా ప్రకటనలకు ఇచ్చి డబ్బు తీసుకోవచ్చునన్నారు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇయ్యవచ్చు. చెరువుకు గట్టు తెగింది!

2025 వసంతంలో పురుషుల బాస్కెట్‌బాల్లోనే ఈ జాబితాకు ఎక్కినవాళ్ళు రెండువేలకు పైగా ఉన్నారు. దాన్ని జట్ల సంఖ్యతో భాగించి చూడండి. సగటున ఒక్కొక్క జట్టునుంచి అయిదారుగురు లేచిపోతున్నారన్నమాట. మార్చి నెలలో పోటీలు ఆడిన జట్టు ఏప్రిల్ నెలలో సగం ఖాళీ అవుతుంది. లూయీవిల్ అనే కాలేజీకి 2024లో కొత్త కోచి వచ్చేసరికి, ముందటి ఏడు ఉచిత చదువు మీద ఆడినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఆయన జాబితా చూసి అక్కడొకణ్ణీ ఇక్కడొకణ్ణీ ఏరి, ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళతో జట్టు కట్టాడు. ముందటి ఏడు 8 ఆటలు గెలిచిన కాలేజీ ఆ ఏడు 27 గెలిచింది.

వాల్టర్ క్లేటన్ అనే కుర్రవాడు న్యూయార్కు దగ్గిర అయోనా అనే చిన్న కాలేజీలో రెండేళ్ళు ఆడాడు. 2023లో అక్కడి కోచి మరో కాలేజీకి వెళ్ళిపోయాడు. క్లేటన్ కూడా అక్కడ ఉండక తన సొంత రాష్ట్రమైన ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చేరాడు. 2025లో ఫ్లోరిడా దేశమంతటికీ విజేత అయింది. సెమీఫైనల్లో క్లేటన్ ఒక్కడే 34 పాయింట్లు చేశాడు. ఫైనల్లో హ్యూస్టన్‌మీద 65–63 తేడాతో గెలిచారు. అతని పక్కన ఆడిన ముఖ్యమైన ఆటగాళ్ళలో మరి ఇద్దరు కూడా వేరే కాలేజీలనుంచి వచ్చినవాళ్ళే. ఇది బాగానే ఉంది. కాని అయోనాలో ఆ ఏడు ఆట చూడటానికి వచ్చిన పిల్లవాణ్ణి తలుచుకోండి. తాను గోడకు అంటించుకున్న బొమ్మ ఎవరిదో వాడు వేరే రంగు చొక్కాతో టెలివిజనులో కనిపిస్తున్నాడు. ఇంకొక సంగతి. జాబితాకు పేరు ఎక్కించినవాళ్ళందరికీ చోటు దొరకదు. ఉన్న కాలేజీ వాళ్ళ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది, కొత్త కాలేజీ పిలవదు. పాపం, రెంటికీ చెడ్డ రేవడులవుతారు.

ఇక మన కథ.

జహీరాబాదునుంచి తూర్పుగా బస్సెక్కితే, నూరు కిలోమీటర్లు దాటి కొద్దిగా పోయేసరికి హైదరాబాదు వస్తుంది. 1950 ప్రాంతాల ఆ ఊళ్ళో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన 1909లో పుట్టాడు. ఉస్మానియాలో చదివి కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బళ్ళలో పాఠాలు చెప్పాడు. బడి అయ్యాక ఫుట్‌బాల్ నేర్పేవాడు. అందరూ రహీం సాబ్ అనేవారు. ఆయన చేతికి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు వచ్చింది.

పోలీసులకు ఫుట్‌బాల్ జట్టేమిటని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆటకు జీతం లేదు. ఆటగాడు ఎక్కడో ఒకచోట ఉద్యోగం చెయ్యాలి. పోలీసువారు బాగా ఆడే కుర్రవాళ్ళకు ఉద్యోగం ఇచ్చి జట్టు పెంచారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచింది, 1954లో గెలిచింది, 1957లో గెలిచింది. హైదరాబాదు రాష్ట్రపు జట్టు 1956లోనూ 1957లోనూ సంతోష్ ట్రోఫీ తెచ్చింది. భారతదేశపు జట్టుకు కూడా రహీమే కోచి. 1951లో ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ స్వర్ణం ఆయన చేతిమీదుగా వచ్చినవే. మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో హైదరాబాదు కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంత బాగున్న జట్టుమీద కలకత్తావాళ్ళ కన్ను పడకుండా ఉంటుందా?

కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులున్నాయి: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. మొదటి రెంటికీ ఉన్న పోటీ ఎట్లాటిదంటే, ఈస్ట్ బెంగాల్ గెలిచిననాడు వాళ్ళు ఇలీస్ చేప వండుకుంటారు, మోహన్ బగాన్ గెలిచిననాడు వీళ్ళు రొయ్యలు వండుకుంటారు. ఆ ఇలీస్ ఎవరో కాదు, గోదావరిలో ఎదురీదే మన పులసే. ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జె.సి. గుహ అనే ఆయన దక్షిణదేశంలో ఆటగాళ్ళను వెతకటంలో దిట్ట. 1950 ప్రాంతాల ఈస్ట్ బెంగాల్ ముందువరసలో ఆడిన అయిదుగురిని పంచపాండవులనేవారు: అహమ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధనరాజ్, అప్పారావు. బెంగాలు క్లబ్బుకు పేరు తెచ్చిన ఈ పాండవులలో ఒక్కడూ బెంగాలీ కాడు! అప్పారావు మన ఆంధ్రుడు.

సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అనే పల్లె ఉన్నది. అక్కడ 1930ల చివర ఒక బీద ఇంట తులసీదాస్ బలరాం పుట్టాడు. ఫుట్‌బాల్ బూట్లు కొనుక్కునే స్తోమతు లేదు. ఒక పోలీసు పారేసిన పాత బూట్లనుంచి తోలు తీయించి, చెప్పులు కుట్టేవాడిచేత రెండు రూపాయలకు బూట్లు చేయించుకున్నాడని చెబుతారు. ఒకనాడు అతని ఆట రహీం సాబ్ కంట పడింది. అభ్యాసానికి రమ్మన్నాడు. కాని అమ్ముగూడకూ హైదరాబాదులో అభ్యాసం చేసే చోటుకూ చాలా దూరం. బస్సుకు డబ్బుల్లేవు. అప్పుడు రహీం సాబ్ అద్దె సైకిలు తీసుకుని రమ్మని ఆ కుర్రవాడికి రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చాడట. ఆ రూపాయి ఎంత పని చేసిందో చూడండి: బలరాం 1956లో హైదరాబాదు తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచాడు, అదే ఏడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు.

1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు.

రహీం సాబ్ మనసులో ఏమనుకున్నాడో ఎవరు చెప్పగలరు? నేను మాత్రం బలరామును తప్పుపట్టను. అద్దె సైకిలుమీద వచ్చిన కుర్రవాడికి పెద్ద క్లబ్బు పిలుపు వస్తే పోవద్దనటానికి మనమెవరం? తమాషా ఏమిటంటే అతను చేరిన ఆ ఏడే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌కు ఎదురైంది హైదరాబాద్ పోలీసు జట్టు. గెలిచింది పోలీసులే! ఒకడు వెళితే ఇంకొకణ్ణి తయారుచేసే మాస్టారు ఉన్నన్నాళ్ళు జట్టుకు లోటు లేదు. జట్టును అంటిపెట్టుకుని ఉండినవాళ్ళు కూడా ఉండిరి. నూర్ మహమ్మద్ 1952లోనూ 1956లోనూ రెండు ఒలింపిక్స్ ఆడి కూడా హైదరాబాదు పోలీసు జట్టులోనే ఆడాడు.

కలకత్తాలో బలరాం వైభవంగా ఆడాడు. చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురినీ త్రిమూర్తులనేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీమీద ఒక గోలు, పెరూమీద ఒక గోలు చేశాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడై కలకత్తా లీగులో 23 గోల్సు కొట్టాడు. హైదరాబాదుకూ బెంగాలుకూ కూడా సంతోష్ ట్రోఫీ తెచ్చిన ఘనత అతనిది. కాని 1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసి, మంచి వయసులో ఆట మానుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం జూన్ 11న రహీం సాబ్ క్యాన్సరుతో పోయాడు. బలరాం తిరిగి హైదరాబాదు రాలేదు. కలకత్తా దగ్గిర ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న చనిపోయాడు.

రహీం పోయిన కొద్దికాలానికే, పోస్టుమాను ఇంటింటా ఉత్తరం వేసినట్టు, హైదరాబాదు వీధుల్లోకి కలకత్తా పిలుపులు వచ్చాయి. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ విజయం కళ్ళారా చూసిన కలకత్తావాళ్ళు ఊరుకుంటారా? 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అప్పటికి హబీబ్‌కు పదిహేడేళ్ళు.

హబీబ్‌ను బెంగాలీలు "బడే మియా" అని పిలిచేవారు. జహీరాబాదులో ఉండే మీకు ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. మనిషి పొడుగు కాడు, లావు కాడు. కాని మైదానంలో ఒక మూలనుంచి ఇంకో మూలకు అలుపు లేకుండా పరుగెత్తేవాడు. ఆ రోజుల్లో పేరున్న ఆటగాళ్ళకు బ్యాంకులూ, రైల్వేలూ పిలిచి ఉద్యోగాలిచ్చేవి. హబీబ్ ఉద్యోగం ఒప్పుకోలేదు. ఆటే తన పని అనుకున్నాడు. అందుకే ఆయన్ను మన దేశంలో మొదటి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని కొందరంటారు.

ఇప్పుడు ఆయన తిరిగిన దారి చూడండి. మొదట ఈస్ట్ బెంగాల్. 1968లో మోహన్ బగాన్. 1970లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్. 1976లో మోహన్ బగాన్. ఆ తరవాత మహమ్మడన్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అన్నీ మరొకసారి! రాట్నం ఎక్కినట్టు లేదూ? ఇలీసు తినేవాళ్ళకూ, రొయ్యలు తినేవాళ్ళకూ కూడా ఆయన "మనవాడే" అయినాడు.

ఇది ఎట్లా సాధ్యమయిందంటే, కలకత్తా పద్ధతి అట్లాటిది. ఆటగాడు ఒక క్లబ్బుకు ఒక ఏడాదికే సంతకం చేసేవాడు. వేసవి ముందు ప్రతి ఏడూ కొద్దిరోజులపాటు బదిలీలు జరిగేవి. ఆటగాడు స్వయంగా ఫుట్‌బాల్ సంఘపు కార్యాలయానికి వచ్చి సంతకం పెట్టాలి. పెట్టాడా, ఆ ఏడాది వాడు ఆ క్లబ్బు సొత్తు. అంచేత సంతకంరోజు దాకా క్లబ్బులవాళ్ళకు నిద్ర ఉండేది కాదు. ఇవాళ "సరే" అన్నవాణ్ణి రేపు అవతలివాళ్ళు ఎగరేసుకుపోతారు! అందుకని ఆటగాళ్ళను అభిమానుల ఇళ్ళలోనూ, హోటళ్ళలోనూ దాచి కాపలా కాసేవారు. కార్యాలయం బయట వేలాదిమంది గుమికూడి, కారులోంచి ఎవరు దిగుతారా అని చూసేవారు. అమెరికావాళ్ళు కంప్యూటరులో పెట్టిన జాబితానే కలకత్తావాళ్ళు వీధిలో పెట్టారన్నమాట.

1970 నుంచి 1975 దాకా ఈస్ట్ బెంగాల్ ఆరేళ్ళు వరసగా లీగు గెలిచింది. వాటిలో అయిదేళ్ళు హబీబ్ ఉన్నాడు. 1976లో మోహన్ బగాన్ ఏం చేసిందో చూడండి. ఈస్ట్ బెంగాల్ కోచి పి.కె. బెనర్జీనే తెచ్చుకున్నది. హబీబ్‌నూ, అతని తమ్ముడు అక్బర్‌నూ తెచ్చుకున్నది. ఆ ఏడు ఈ రెండు క్లబ్బుల ఆటలో విజిలు వేసిన 17 సెకండ్లకు అక్బర్ గోలు కొట్టాడు. పదిహేడు లెక్కపెట్టి చూడండి, ఇంకా జనం కూర్చోను కూడా లేదు! లీగు మోహన్ బగాన్‌కు వచ్చింది. 1977 సెప్టెంబరు 24న ప్రపంచప్రఖ్యాతుడైన పెలే తన కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో ఆడినప్పుడు ఆట 2–2తో సమంగా ముగిసింది. మోహన్ బగాన్ గోల్సులో ఒకటి హబీబ్‌ది.

అన్నిటికన్న విచిత్రమైనది 1980. ఆ బదిలీల్లో ఈస్ట్ బెంగాల్‌నుంచి పదిమందికి పైగా ఒక్కసారే వెళ్ళిపోయారు. ఎక్కువమంది మహమ్మడన్ స్పోర్టింగులో చేరారు. క్లబ్బు దాదాపు ఖాళీ అయింది. లూయీవిల్ సంగతి చెప్పానే, అట్లాటిదే, నలభైనాలుగేళ్ళ ముందు! పి.కె. బెనర్జీ అప్పటికి మళ్ళీ ఈస్ట్ బెంగాల్ కోచి అయి ఉన్నాడు. ఆయన ఏం చేశాడు? మిగిలిన కుర్రవాళ్ళను పోగుచేశాడు. వయసు మీరుతున్న హబీబ్‌ను తెచ్చుకున్నాడు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఇరాన్‌నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థులు బ్రహ్మాండంగా ఆడతారని తెలిసింది. మజీద్ బిష్కర్, జంషీద్ నస్సిరి, మహమూద్ ఖబాజీ అనే ఆ ముగ్గురు కాలేజీ కుర్రవాళ్ళూ కలకత్తా వచ్చారు. తెలుగు గడ్డమీద పుట్టిన హబీబూ, ఇరాన్ కుర్రవాళ్ళూ, బెంగాలీ పిల్లలూ కలిసి ఆడి ఫెడరేషన్ కప్పు ఫైనలు చేరారు. మోహన్ బగాన్‌తో 1–1 అయి కప్పు ఇద్దరూ పంచుకున్నారు. మజీద్ ఆటను ఆ నగరంలో ఇవాళ్టికీ తలుచుకుంటారు. ఇంతా చేసి, 1982లో మజీదూ జంషీదూ మహమ్మడన్ స్పోర్టింగుకు వెళ్ళిపోయారు!

హబీబ్ ఆట చాలించాక శిక్షకుడుగా పనిచేసి, చివరకు హైదరాబాదులోనే 2023 ఆగస్టు 15న కన్నుమూశాడు.

హైదరాబాదు ఫుట్‌బాల్ ఏమయిందని మీరు అడుగుతారు. 1965–66 తరవాత మనకు సంతోష్ ట్రోఫీ రాలేదు. కుర్రవాళ్ళు కలకత్తా పోవటం మూలానే ఇట్లా అయిందని కొందరంటారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. బలరాం వెళ్ళినప్పుడు జట్టు చెడలేదు గదా! రహీం వంటి మాస్టారు మళ్ళీ దొరకలేదు. మైదానాలు తగ్గాయి. ఆటగాళ్ళకు ఉద్యోగాలు తగ్గాయి. పోయిన నీరు పోయింది, కొత్తనీరు రాలేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని కొత్త క్లబ్బు వచ్చి, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు చాలా సంతోషించాం. కాని జీతాల పేచీలు వచ్చి, 2023–24లో మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోగా ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్బుకు క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఆటగాడు జట్టు మారటం విన్నాం గాని, జట్టే ఊరు మారటం ఎక్కడన్నా ఉందా అంటే, ఉంది!

కబడ్డీ సంగతి మీకు నాకన్న బాగా తెలుసు. 2014లో ప్రో కబడ్డీ మొదలయినప్పటినుంచీ తెలుగు టైటాన్స్ ఉన్నది. అక్కడ పద్ధతి ఇంకొకటి: వేలంపాట. రాహుల్ చౌధరి మొదటి ఆరు పోటీలూ టైటాన్స్‌కు ఆడాక, 2019లో తమిళ్ తలైవాస్ అతన్ని పాడుకున్నారు. 2023లో పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నారు. అమెరికా కుర్రవాడు తాను పోదలుచుకున్న చోటికి పోతాడు. హబీబ్ తాను ఒప్పుకున్న క్లబ్బుకు సంతకం పెట్టాడు. వేలంలో మాత్రం ఆటగాడు ఒకచోట కూర్చుని, తాను ఏ ఊరివాడు కాబోతున్నాడో సుత్తి దెబ్బ పడ్డాక తెలుసుకుంటాడు. డబ్బు ఎక్కువే వస్తుంది. మామిడిపండూ చెరుకుగడా ఆటకు దగ్గిరగా ఉన్నది ఇదే గాని, మీ ఆటలో డబ్బులేదు.

చివరకు మీ బడి జట్టు దగ్గిరికి వద్దాం. మంచి కూతగాడు పక్క ఊరికి పోయాడు. పోటీలు రెండు నెలల్లో ఉన్నాయి. రహీం సాబ్ ఇట్లాటి సమయాల్లో కొత్తవాళ్ళను తయారుచెయ్యటానికి కొన్ని వింత పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని తన దగ్గిర ఉంచుకుని దొర్లించుకుపోరాదు. రాగానే ఇంకొకరికి అందించాలి. దానితో ఒక్కడిమీదే ఆధారపడే అలవాటు పోతుంది. ఇంకొక పోటీలో చేతకాని కాలితోనే తన్నాలి.

ఈ రెండోది మీరు ఈ ఆదివారమే ఆడి చూడవచ్చు. కావలసినవి ఒక బంతి, నాలుగు ఇటుకలు, పదిమంది. కుడికాలివాటం వాళ్ళు ఎడమకాలితోనూ, ఎడమకాలివాటం వాళ్ళు కుడికాలితోనూ మాత్రమే తన్నాలి. పొరపాటున అలవాటైన కాలితో తన్నితే బంతి అవతలివాళ్ళది. మొదటి పది నిమిషాలు బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు, అందరూ నవ్వి నవ్వి చస్తారు. అరగంటయ్యాక బంతి వెళ్ళవలసిన చోటికి వెళ్ళటం మొదలుపెడుతుంది. ఎప్పుడూ చివర మిగిలిపోయే బక్కవాడు ఆనాడు మొదటి గోలు కొట్టినా కొట్టవచ్చు. ఎందుకంటే, ఆ ఆటకు అందరూ కొత్తవాళ్ళే.